వి.కె.ఆర్.వి. రావు

విజయేంద్ర కస్తూరి రంగ వరదరాజ రావు (జూలై 8, 1908 - జూలై 25, 1991) ప్రముఖ భారతీయ ఆర్థికవేత్త, ఆచార్యుడు, విద్యాసంస్థల నిర్మాత, కేంద్ర మంత్రి. వి.కె.ఆర్.వి. రావుగా ప్రసిద్ధులు. భారతదేశపు జాతీయాదాయాన్ని శాస్త్రీయ పద్ధతిలో లెక్కకట్టిన తొలితరం పరిశోధకులలో వీరు అగ్రగణ్యులు. వ్యాపారికి చిట్టా, ఆవర్జా ఎటువంటివో దేశానికి జాతీయాదాయ గణన అటువంటిది. పరాయిపాలనలో ఉన్న ఒక పేద దేశానికి అటువంటి పద్దు వ్రాయటం సాధ్యమేనని, ఆ పద్దులో ఏ అంకె ఎంత నమ్మదగినదో కూడా చెప్పవచ్చునని వీరు నిరూపించారు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కొంతకాలం ఆర్థికశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ఆర్థికాభివృద్ధి సంస్థ, బెంగుళూరులోని సామాజిక ఆర్థిక పరివర్తన సంస్థ వీరి కృషితో ఏర్పడినవే. 1974లో భారత ప్రభుత్వం వీరిని పద్మవిభూషణ్ పురస్కారంతో గౌరవించింది.

బాల్యం, విద్యాభ్యాసం

వరదరాజ రావు 1908 జూలై 8న కాంచీపురంలో జన్మించారు. ఉన్నత విద్యను బొంబాయిలో అభ్యసించి, బొంబాయి విశ్వవిద్యాలయం నుండి ఆర్థికశాస్త్రంలో ఎం.ఏ. పట్టా పొందారు. భారతదేశంలో ఆదాయపు పన్ను గురించి వ్రాసిన వీరి తొలి గ్రంథం 1931లో వెలువడింది. అప్పటికి వీరి వయస్సు ఇరవై మూడు సంవత్సరాలు మాత్రమే. పన్నుల లెక్కలతో ఏర్పడిన ఈ పరిచయం తరువాతి పరిశోధనకు ఎంతగానో ఉపకరించింది. ఆదాయపు పన్ను చెల్లించేవారి వివరాలు ప్రభుత్వం వద్ద ఉండేవి. చెల్లించనివారి ఆదాయం ఎంత? వారు దేశంలో నూటికి తొంభైమందికి పైగా ఉండగా, వారిని వదలివేసి దేశపు ఆదాయాన్ని ఎలా చెప్పగలం? ఆ కాలపు పరిశోధకులందరికీ ఎదురైన చిక్కు ఇదే.

తరువాత రావు ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని గాన్విల్ అండ్ కీస్ కళాశాలలో చేరారు. జాన్ మేనార్డ్ కీన్స్ తన సుప్రసిద్ధమైన సాధారణ సిద్ధాంతాన్ని రూపొందిస్తున్న రోజులవి. ఆ గ్రంథం 1936లో వెలువడింది. బ్రిటన్ జాతీయాదాయాన్ని లెక్కకట్టిన కాలిన్ క్లార్క్ అప్పుడు అక్కడే గణాంకశాస్త్రం బోధిస్తున్నారు. ఒకవైపు కీన్స్ సిద్ధాంతం, మరొకవైపు క్లార్క్ గణన, ఈ రెండింటి ప్రభావం రావుపై జీవితాంతం నిలిచింది. బ్రిటిషు ఇండియా జాతీయాదాయంపై చేసిన పరిశోధనకు 1937లో వీరికి కేంబ్రిడ్జి డాక్టరేటు లభించింది.

జాతీయాదాయ గణన - పూర్వరంగం

భారతీయుని సగటు ఆదాయం ఎంత అన్న ప్రశ్న ఆనాడు రాజకీయ వివాదం. దాదాభాయి నౌరోజీ 1867-70 ప్రాంతపు లెక్కలను ఆధారంగా తీసుకుని తలసరి ఆదాయం ఏటికి 20 రూపాయలని అంచనా వేశారు. బ్రిటిషు పాలనలో దేశసంపద తరలిపోతున్నదన్న వారి వాదానికి ఈ అంకె బలాన్నిచ్చింది. పంతొమ్మిదవ శతాబ్ది చివరి నాటికి తలసరి ఆదాయం 30 రూపాయలకు పెరిగిందని వైస్రాయి కర్జన్ ప్రకటించగా, విలియం డిగ్బీ సుమారు అదే కాలానికి అది 18 రూపాయలకు మించదని వాదించారు. ఒకే దేశం, ఒకే కాలం, కాని రెండు అంకెలకు పొంతన లేదు. దేశం బాగుపడుతున్నదని చెప్పదలచినవారికి పెద్ద అంకె, చితికిపోతున్నదని చెప్పదలచినవారికి చిన్న అంకె లభించేవి. దీనికి కారణం వారి నిజాయితీ లోపమని అనలేము. లెక్కలకు ఆధారాలు తక్కువ, లెక్కించే పద్ధతులపై ఏకాభిప్రాయం అంతకంటె తక్కువ.

ఆధారాల కొరత ఎటువంటిదో వ్యవసాయాన్ని చూస్తే తెలుస్తుంది. రైత్వారీ గ్రామాలలో కరణం వ్రాసే అడంగలు వలన ఏ సర్వే నంబరులో ఏ పైరు వేశారో తెలిసేది. శాశ్వత పరిష్కారం అమలులో ఉన్న బెంగాలు వంటి ప్రాంతాలలో శిస్తు జమీందారు ద్వారా వచ్చేది కనుక, సర్కారుకు పొలాల వారీ లెక్కతో అంతగా పని ఉండేది కాదు. ఎకరాకు దిగుబడి ఎంత అన్నది చాలాచోట్ల అధికారుల ఊహపైనే ఆధారపడేది. ఇక కుమ్మరి, కమ్మరి, సాలె, మంగలి, చాకలి, చిల్లర వర్తకుడు మొదలైనవారి ఆదాయానికి ఎటువంటి రికార్డులూ ఉండేవి కావు. రైతు పండించిన ధాన్యంలో గణనీయమైన భాగం అంగడికి రాకుండా ఇంటి గాదెలోకే పోయేది. అంగడికి రానిదానికి వెల కట్టడం ఎట్లా అన్నది మరొక సమస్య.

రావు పద్ధతి

జాతీయాదాయాన్ని ముఖ్యంగా రెండు మార్గాలలో లెక్కించవచ్చును. మొదటిది ఉత్పత్తి మార్గం. పొలాలలో, గనులలో, కర్మాగారాలలో ఏడాదిలో తయారైన వస్తువుల విలువను కూడటం. రెండవది ఆదాయ మార్గం. ఆయా వృత్తులలో ఉన్నవారికి ఏడాదిలో లభించిన వేతనం, లాభం, వడ్డీ, కౌలు మొదలైనవాటిని కూడటం. పూర్తి లెక్కలున్న దేశంలో ఈ రెండు మార్గాలూ ఒకే మొత్తానికి చేరాలి. ఆనాటి భారతదేశంలో ఏ ఒక్క మార్గానికీ సరిపడా లెక్కలు లేవు. అందువలన రావు రెండింటినీ కలిపారు. వ్యవసాయం, పశుసంపద, గనులు వంటి రంగాలకు ఉత్పత్తి మార్గాన్ని, చిన్న పరిశ్రమలు, వర్తకం, రవాణా, ప్రభుత్వోద్యోగాలు, ఇతర వృత్తులకు ఆదాయ మార్గాన్ని అనుసరించారు. రెండవ దానికి 1931 జనాభా లెక్కలలోని వృత్తుల వివరాలు ఆధారమయ్యాయి. ఒక రంగం రెండు చోట్లా లెక్కకు రాకుండా, ఏ రంగమూ రెండింటి నడుమ జారిపోకుండా చూడటం ఈ పద్ధతిలోని కష్టం.

ఉత్పత్తి మార్గంలో విద్యార్థులు తప్పక గ్రహించవలసిన విషయం ద్విగణన, అనగా ఒకే విలువను రెండుసార్లు లెక్కించటం. ఉదాహరణకు, రైతు 100 రూపాయల వడ్లు మిల్లుకు అమ్మాడనుకొందాం. మిల్లరు వాటిని బియ్యంగా ఆడించి 130 రూపాయలకు హోటలుకు అమ్మాడు. హోటలు యజమాని ఆ బియ్యం వండి భోజనాలు పెట్టి 200 రూపాయలు గడించాడు. వీటన్నిటినీ కూడితే 430 రూపాయలు వస్తుంది. కాని దేశంలో ఏర్పడిన ఆదాయం 200 రూపాయలు మాత్రమే. రైతు వద్ద 100, మిల్లులో 30, హోటలులో 70 చొప్పున విలువ కొత్తగా చేరింది. (రైతు ఎరువులు, విత్తనాలు కొనలేదని, మిల్లరు, హోటలు యజమాని ఇతర సరుకులేవీ కొనలేదని సౌలభ్యం కోసం అనుకొన్నాము.) ఏ దశలో ఎంత విలువ చేరిందో దానిని మాత్రమే పద్దులో వ్రాయాలి. దుకాణపు లెక్కలు వ్రాసేవారికి ఇది సులభంగానే బోధపడుతుంది. దేశం మొత్తానికి దీనిని అన్వయించటం మాత్రం అంత సులభం కాదు.

ఈ పద్ధతిలో 1931-32 సంవత్సరానికి బ్రిటిషు ఇండియా జాతీయాదాయం సుమారు 1,689 కోట్ల రూపాయలని, తలసరి ఆదాయం 62 రూపాయలని రావు తేల్చారు. గ్రామాలలో తలసరి ఆదాయం 51 రూపాయలు కాగా పట్టణాలలో అది 166 రూపాయలు. అనగా పట్టణవాసి సగటు ఆదాయం గ్రామీణుని ఆదాయానికి మూడు రెట్లకు పైగా ఉన్నదన్నమాట. ఈ అంకెలను తరువాతి అంచనాలతో పోల్చేటప్పుడు 1931-32 ఆర్థికమాంద్యపు సంవత్సరమని, పంటల ధరలు విపరీతంగా పడిపోయి ఉన్నాయని గుర్తుంచుకోవాలి. స్వదేశీ సంస్థానాలు ఈ లెక్కలో చేరలేదు.

రావు కృషిలో అంకెల కంటె విలువైన అంశం మరొకటి ఉన్నది. ప్రతి రంగానికీ తన అంచనాలో ఎంత పొరపాటుకు అవకాశం ఉన్నదో వీరు విడిగా పేర్కొన్నారు. ఏ అంకె ప్రత్యక్ష ఆధారం నుండి వచ్చినది, ఏది నమూనా విచారణ నుండి వచ్చినది, ఏది కేవలం సమంజసమైన ఊహ అన్నది చదువరికి తెలిసేటట్లు వ్రాశారు. స్వాతంత్ర్యోద్యమం ఉధృతంగా ఉన్న రోజులలో దేశపు పేదరికాన్ని ఎక్కువ చేసి చూపినా తప్పుపట్టేవారు దేశీయులలో తక్కువే. అయినా ఆధారానికి మించి ఒక్క అడుగు వేయకపోవటం వీరి పరిశోధనకు గౌరవం తెచ్చింది. కొన్ని వృత్తుల ఆదాయాలకు వీరు తీసుకున్న నమూనాలు చిన్నవని, పంట దిగుబడుల లెక్కలు బలహీనమైనవని తరువాత విమర్శలు వచ్చాయి. అయితే ఆ బలహీనతలు ఎక్కడున్నాయో తెలుసుకొనటానికి విమర్శకులకు వీరి గ్రంథమే తోడ్పడింది.

వాల్తేరు, అహమ్మదాబాదులలో అధ్యాపనం

1930ల ద్వితీయార్ధంలో రావు కొంతకాలం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. 1926లో బెజవాడలో ప్రారంభమైన ఈ విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు తరలివచ్చింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుండి 1936 వరకు, వారి తరువాత కట్టమంచి రామలింగారెడ్డి రెండవ పర్యాయం ఉపాధ్యక్షులుగా ఉండి, దేశంలోని వివిధ ప్రాంతాల నుండి ప్రతిభావంతులైన యువ అధ్యాపకులను రప్పించిన కాలమది. భౌతికశాస్త్రంలో సూరి భగవంతం, రసాయనశాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి వంటివారు అప్పుడు అక్కడ పనిచేశారు. పట్టణం కూడా మారుతున్నది. విశాఖపట్నం రేవు 1933లో ప్రారంభమై, మధ్యపరగణాల నుండి రైలులో వచ్చే మాంగనీసు ఖనిజానికి సముద్రద్వారంగా రూపొందుతున్నది.

వాల్తేరులో రావు ఉన్నది స్వల్పకాలమే. 1937లో వీరు అహమ్మదాబాదులోని ఎల్.డి. ఆర్ట్స్ కళాశాల ప్రధానాచార్యులుగా వెళ్ళి 1942 వరకు అక్కడ ఉన్నారు. జాతీయాదాయంపై వీరి రెండు ముఖ్య గ్రంథాలు ఈ కాలంలోనే వెలువడ్డాయి. 1925-29 కాలానికి సంబంధించినది 1939లోను, 1931-32 సంవత్సరానికి సంబంధించినది 1940లోను ప్రచురితమయ్యాయి.

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్

1942లో రావు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్ర ఆచార్యులుగా చేరారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలోను, ఆ తరువాతను కొన్ని సంవత్సరాలు ప్రభుత్వ కార్యాలలో పాల్గొన్నారు. ఆహార శాఖలో గణాంక విభాగానికి సంచాలకులుగాను, తరువాత వాషింగ్టన్‌లో ఆహార, ఆర్థిక సలహాదారుగాను పనిచేశారు. 1943 నాటి బెంగాలు క్షామం ముగిసి ఎంతో కాలం కాలేదు. పంటల లెక్క సరిగా లేకపోతే ఎంతటి ఆపద వాటిల్లుతుందో దేశం కళ్ళారా చూసిన రోజులవి.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత రావు దృష్టి సంస్థల నిర్మాణంపైకి మళ్ళింది. ఉన్నతస్థాయి ఆర్థికశాస్త్రం చదవాలంటే లండనుకో కేంబ్రిడ్జికో వెళ్ళవలసిన అవసరం ఉండరాదన్నది వీరి ఆశయం. 1949లో ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌ను స్థాపించారు. దానికి అండగా ఏర్పడిన సంఘానికి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షులుగా ఉన్నారు. రావు 1957 వరకు ఈ సంస్థకు సంచాలకులుగా ఉండి, బి.ఎన్. గంగూలీ, కె.ఎన్. రాజ్ వంటి ఆచార్యులను సమకూర్చారు. తరువాతి కాలంలో అమర్త్య సేన్, మన్మోహన్ సింగ్ ఇక్కడ బోధించారు. 1957 నుండి 1960 వరకు రావు ఢిల్లీ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు.

జాతీయాదాయ సంఘం

1949 ఆగస్టులో భారత ప్రభుత్వం జాతీయాదాయ సంఘాన్ని నియమించింది. పి.సి. మహలనోబిస్ దీనికి అధ్యక్షులు. డి.ఆర్. గాడ్గిల్, వి.కె.ఆర్.వి. రావు సభ్యులు. సైమన్ కుజ్నెట్స్, రిచర్డ్ స్టోన్, జె.బి.డి. డెర్క్‌సెన్ విదేశీ సలహాదారులుగా వ్యవహరించారు. వీరిలో కుజ్నెట్స్‌కు 1971లోను, స్టోన్‌కు 1984లోను ఆర్థికశాస్త్రంలో నోబెల్ పురస్కారం లభించింది. సంఘం మొదటి నివేదిక 1951లోను, తుది నివేదిక 1954లోను వెలువడ్డాయి. ఉత్పత్తి, ఆదాయ మార్గాలను రంగాల వారీగా కలిపే పద్ధతినే సంఘం కూడా అవలంబించింది. ఒంటరి పరిశోధకుడు పదిహేనేళ్ళ క్రితం అందుబాటులో ఉన్న కాగితాలతో చేసిన పని ఇప్పుడు ప్రభుత్వ బాధ్యతగా మారింది. 1951లో ఏర్పడిన కేంద్ర గణాంక సంస్థ తరువాత ఈ గణనను ఏటేటా కొనసాగించింది.

గుణకంపై వాదం

రావు వ్రాసిన సిద్ధాంత వ్యాసాలలో సుప్రసిద్ధమైనది 1952లో ఇండియన్ ఎకనామిక్ రివ్యూ పత్రికలో వెలువడిన గుణకం వ్యాసం. కీన్స్ సిద్ధాంతం ప్రకారం ప్రభుత్వం 100 రూపాయలు వెచ్చిస్తే, ఆ సొమ్ము చేతులు మారుతూ దేశాదాయాన్ని అంతకు ఎన్నో రెట్లు పెంచుతుంది. దీనినే గుణకం అంటారు. మాంద్యంలో ఉన్న పారిశ్రామిక దేశంలో యంత్రాలు, కార్మికులు ఖాళీగా ఉంటారు కనుక గిరాకీ పెరిగిన వెంటనే ఉత్పత్తి పెరుగుతుంది.

వెనుకబడిన వ్యవసాయ దేశంలో పరిస్థితి వేరని రావు వాదించారు. ఇక్కడి నిరుద్యోగం ప్రచ్ఛన్నమైనది. నలుగురు చేయగల పొలం పనిని ఆరుగురు పంచుకుంటారు కాని, ఆ ఇద్దరూ కూలికోసం అంగడిలో నిలబడి లేరు. చేతికి డబ్బు అందిన పేదవాడు మొదట కొనేది తిండిగింజలు. వర్షాధారమైన పొలం గిరాకీ పెరిగినంత మాత్రాన ఎక్కువ పండదు. రైతు కూడా ఆదాయం పెరిగినప్పుడు ధాన్యం కొంత ఎక్కువగా ఇంటికే ఉంచుకుంటాడు. కాబట్టి రూపాయలలో ఆదాయం పెరుగుతుంది, ధరలూ పెరుగుతాయి, నిజమైన ఉత్పత్తి మాత్రం ఆ నిష్పత్తిలో పెరగదు. నోట్లు అచ్చువేసి ఖర్చుచేయటం అభివృద్ధికి దగ్గరి దారి కాదన్నది వీరి నిర్ణయం. పొదుపు, శ్రమ, వ్యవసాయాభివృద్ధి తప్పవని దీని సారాంశం. కీన్స్ వద్ద చదివిన విద్యార్థి కీన్స్ సిద్ధాంతం తన దేశానికి యథాతథంగా వర్తించదని చెప్పటం ఆనాడు విశేషంగా చర్చకు వచ్చింది. పరిశ్రమలు పెరిగి, గిరాకీ లేక యంత్రాలు ఖాళీగా ఉండే పరిస్థితి భారతదేశంలోనూ ఏర్పడిన తరువాత, ఈ వాదానికి పరిమితులున్నాయని పలువురు ఆర్థికవేత్తలు చూపారు. అయినప్పటికీ అభివృద్ధి ఆర్థికశాస్త్రం చదివే విద్యార్థులకు ఈ వ్యాసం పాఠ్యాంశంగా నిలిచింది.

ఐక్యరాజ్యసమితిలో

ఐక్యరాజ్యసమితి ఆర్థికాభివృద్ధి ఉపసంఘానికి రావు అధ్యక్షులుగా వ్యవహరించారు. పేద దేశాలకు తక్కువ వడ్డీతో, దీర్ఘకాలిక గడువుతో రుణాలిచ్చే ప్రత్యేక సంస్థను ఐక్యరాజ్యసమితి పరిధిలో ఏర్పరచాలని 1949లో ప్రతిపాదించారు. ధనిక దేశాలు దీనిని అంగీకరించలేదు. ఏళ్ళ తరబడి చర్చలు సాగిన తరువాత, 1960లో ప్రపంచబ్యాంకుకు అనుబంధంగా అంతర్జాతీయ అభివృద్ధి సంఘం ఏర్పడింది. రావు కోరిన రూపం అది కాదు. పేద దేశానికి రుణభారం తేలికగా ఉండాలన్న మూలభావం మాత్రం అందులో నిలిచింది.

ప్రభుత్వంలో

1958లో ఢిల్లీలో ఏర్పడిన ఆర్థికాభివృద్ధి సంస్థ కూడా రావు కృషి ఫలితమే. 1963 నుండి 1966 వరకు వీరు ప్రణాళికా సంఘం సభ్యులుగా ఉన్నారు. విద్యపై పెట్టే ఖర్చును వ్యయంగా కాక, మానవ వనరులపై పెట్టుబడిగా పద్దు వ్రాయాలని అప్పుడు వాదించారు.

1967లో బళ్ళారి నియోజకవర్గం నుండి లోక్‌సభకు ఎన్నికై, 1971లో తిరిగి గెలిచి, 1977 వరకు సభ్యులుగా కొనసాగారు. 1967 నుండి 1969 వరకు కేంద్ర రవాణా, నౌకాయాన మంత్రిగా ఉన్నారు. దేశంలోని ప్రధాన రేవులు ఆ శాఖ పరిధిలోనివి. వాటిలో విశాఖపట్నం ఒకటి. ఒకప్పుడు తాము పాఠాలు చెప్పిన ఊరి రేవు ఈ విధంగా మూడు దశాబ్దాల తరువాత వీరి శాఖ క్రిందికి వచ్చింది.

1969 నుండి 1971 వరకు విద్యాశాఖ మంత్రిగా ఉన్నారు. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. విద్యార్థులకు ఎన్.ఎస్.ఎస్. పేరుతో సుపరిచితమైన పథకం ఇదే. భారత సామాజిక శాస్త్ర పరిశోధనా మండలి కూడా అదే సంవత్సరం ఏర్పడింది. దాని స్థాపనకు మార్గం వేసిన సంఘానికి అంతకు ముందు రావే అధ్యక్షులు.

చివరి దశ

మంత్రి పదవి నుండి వైదొలగిన తరువాత రావు తిరిగి సంస్థా నిర్మాణానికి పూనుకున్నారు. 1972లో బెంగుళూరులో సామాజిక ఆర్థిక పరివర్తన సంస్థను స్థాపించి, దానికి తొలి సంచాలకులుగా పనిచేశారు. ఢిల్లీలో రెండు సంస్థలను నిలబెట్టిన తరువాత, అరవై నాలుగేళ్ళ వయస్సులో మూడవదానిని మొదలుపెట్టటం వీరి స్వభావాన్ని తెలుపుతుంది. సంస్థ కాళ్ళపై నిలబడగానే దానిని ఇతరులకు అప్పగించి ముందుకు సాగటం వీరి అలవాటు. యౌవనంలో ఆరంభించిన విషయాన్ని మాత్రం విడిచిపెట్టలేదు. 1950-80 నడుమ భారత జాతీయాదాయాన్ని సమీక్షిస్తూ వ్రాసిన గ్రంథం 1983లో, వీరి డెబ్బై అయిదవ ఏట వెలువడింది. 1991 జూలై 25న తమ 83వ ఏట పరమపదించారు. అంతకు సరిగా ఒక రోజు ముందు, జూలై 24న, ఢిల్లీ స్కూలులో ఒకప్పటి ఆచార్యులైన మన్మోహన్ సింగ్ ఆర్థికమంత్రిగా దేశ ఆర్థికవిధానాన్ని మలుపు త్రిప్పిన బడ్జెట్‌ను పార్లమెంటులో ప్రవేశపెట్టారు.

ముఖ్య రచనలు

టాక్సేషన్ ఆఫ్ ఇన్‌కమ్ ఇన్ ఇండియా (1931)
యాన్ ఎస్సే ఆన్ ఇండియాస్ నేషనల్ ఇన్‌కమ్, 1925-29 (1939)
ది నేషనల్ ఇన్‌కమ్ ఆఫ్ బ్రిటిష్ ఇండియా, 1931-32 (1940)
ఎడ్యుకేషన్ అండ్ హ్యూమన్ రిసోర్స్ డెవలప్‌మెంట్ (1966)
ది నెహ్రూ లెగసీ (1971)
ఇండియాస్ నేషనల్ ఇన్‌కమ్, 1950-1980 (1983)

ప్రాముఖ్యం

నేడు ప్రతి త్రైమాసికానికీ దేశపు స్థూల ఉత్పత్తి అంకెలు వార్తాపత్రికలలో కనిపిస్తున్నాయి. వృద్ధి రేటు అర శాతం పెరిగినా తగ్గినా చర్చలు జరుగుతున్నాయి. అసంఘటిత రంగంలోని చేతివృత్తులు, చిల్లర వర్తకం, కూలిపని ఆదాయాన్ని ఎలా లెక్కించాలన్న ప్రశ్న మాత్రం రావు కాలంలో ఎంత కష్టమైనదో ఇప్పటికీ అంతే కష్టంగా ఉన్నది. వాణిజ్యశాస్త్రం, ఆర్థికశాస్త్రం చదివే విద్యార్థులు వీరి గ్రంథాల నుండి గ్రహించదగినది లెక్క వ్రాసే పద్ధతి ఒక్కటే కాదు. తేలిన అంకె ప్రక్కనే దానిలోని సందేహాన్ని కూడా వ్రాసిపెట్టాలన్న నియమాన్ని కూడా వీరి నుండి నేర్చుకోవచ్చును.